పదో తరగతి తర్వాత లెక్కలకు రెండే దారులా?



పదో తరగతి ఫలితాలు వచ్చిన మర్నాటి నుంచి చిలకలగూడలోనైనా, మారేడ్‌పల్లిలోనైనా, సికింద్రాబాద్‌లో ఏ ఇంటికి వెళ్లినా వినిపించే మాట ఒకటే: "ఏ గ్రూపు?" జవాబుకు అయిదు నిమిషాలు కూడా పట్టదు. లెక్కల్లో మార్కులు బాగా వస్తే ఎంపీసీ. లెక్కలంటే భయమైతే బైపీసీ. అదీ వద్దంటే సీఈసీ. బంధువులు తలా ఒక మాట అంటారు, తండ్రి ఫీజు లెక్క చూసుకుంటాడు, దరఖాస్తు నిండిపోతుంది. ఆ ఒక్క నిర్ణయంతో పదిహేనేళ్ల పిల్లకు లెక్కలతో సంబంధం దాదాపు తెగిపోతుంది. లేకపోతే రెండేళ్లలో నాలుగు పేపర్లు నెత్తిన పడతాయి. ఈ రెంటికీ మధ్య అందరికీ తెరిచి ఉన్న మరో దారి తెలంగాణ ఇంటర్మీడియట్‌లో లేదు. ఆ దారి వేయాలని ఇంటర్మీడియట్ బోర్డును కోరడానికే ఈ లేఖ.

ముందుగా పదికీ ఇంటర్‌కూ మధ్య ఉన్న అగాధం ఎంతో చూడాలి. రాష్ట్ర సిలబస్ పదో తరగతి గణితంలో పద్నాలుగు అధ్యాయాలు. వాస్తవ సంఖ్యలతో మొదలై సమితులు, బహుపదులు, వర్గ సమీకరణాలు, శ్రేఢులు, సరూప త్రిభుజాలు, త్రికోణమితి మీదుగా సాంఖ్యక శాస్త్రంతో ముగుస్తుంది. అక్కడ త్రికోణమితి అంటే ఒక లంబకోణ త్రిభుజం, తొంభై డిగ్రీల లోపు కోణం, చెట్టు ఎత్తో గుడి గోపురం ఎత్తో కనుక్కోవడం. కంటికి కనిపించే లెక్క అది. జూన్‌లో కాలేజీలో అడుగుపెట్టగానే లెక్కల మొదటి పేపరు వన్-ఏలో మొదటి పాఠం ప్రమేయాలు. అన్వేకం, సంగ్రస్తం, ద్విగుణం అన్న మాటలు మొదటి వారంలోనే వచ్చి పడతాయి. వెనకే గణితానుగమనం, మాత్రికలు, సదిశలు. త్రికోణమితి మళ్లీ వస్తుంది కానీ ఈసారి లంబకోణ త్రిభుజం దగ్గర ఆగదు. కోణం ఎంతైనా కావచ్చు, అతిపరావలయ ప్రమేయాల దాకా పోతుంది. పక్కనే వన్-బీలో బిందుపథం, సరళరేఖా యుగ్మాలు, దిక్ కొసైన్లు, అవధులు, అవకలనం. పదిలో తెలుగు మీడియం చదివి ఇంగ్లిష్ మీడియం కాలేజీలో చేరిన పిల్లకైతే వీటన్నిటి పేర్లు కూడా కొత్తే.

పేపరుకు 75 మార్కులు, పాసవడానికి 26. రెండు మార్కులవి పది, నాలుగు మార్కులవి ఏడింటిలో అయిదు, ఏడు మార్కులవి ఏడింటిలో అయిదు. వెనకబడిన పిల్లలకు ఈ లెక్క బాగా అర్థమవుతుంది. సరళరేఖా యుగ్మాల నుంచి ఏడు మార్కుల ప్రశ్న తప్పకుండా వస్తుందని తెలుసు కాబట్టి ఆ సిద్ధాంతాల నిరూపణలు అక్షరం పొల్లుపోకుండా బట్టీ పడతారు. దిక్ కొసైన్ల పాఠం వదిలేస్తారు. అలా గట్టెక్కిన పిల్లను లెక్కలు నేర్చుకున్న పిల్ల అనగలమా? ఎంసెట్ రోజుల నుంచి నేటి ఎప్‌సెట్ దాకా ఇంజనీరింగ్ ప్రవేశ పరీక్షలో 160 మార్కులకు 80 లెక్కలవే. బట్టీ పట్టిన నిరూపణ అక్కడ ఎందుకూ పనికిరాదు.

ఈ అగాధం గురించి ప్రైవేటు కాలేజీలకు బాగా తెలుసు. అందుకే పది పరీక్షలు అయ్యాయో లేదో, ఎండల్లోనే బ్రిడ్జి క్లాసులు మొదలుపెట్టేస్తాయి. ఫీజు కట్టగలిగిన పిల్లలు జూన్ నాటికి సదిశలు, అవకలనం రుచి చూసి ఉంటారు. మోండా మార్కెట్‌లో కూరగాయల బండి పెట్టుకున్న తండ్రి కూతురు సర్కారు జూనియర్ కాలేజీలో చేరేసరికి ఒక్కోసారి జులై దాటుతుంది. ఇద్దరూ అదే పుస్తకం చదవాలి, మార్చిలో అదే పేపరు రాయాలి. పదో తరగతిలో ఇద్దరికీ ఒకే మార్కులు వచ్చి ఉండవచ్చు. వారిని వేరు చేసింది ఆ రెండు నెలలే.

ఇక లెక్కలు వద్దనుకున్న పిల్లల సంగతి. నిజానికి ఎక్కువ బాధ కలిగించేది ఇదే.

తార్నాక దగ్గర ఒక అమ్మాయి. పదిలో లెక్కల్లో అంతంతమాత్రం మార్కులు రావడంతో ఇంట్లోవాళ్లు బైపీసీలో చేర్పించారు. ఇక లెక్కలు ఉండవని సంబరపడింది. రెండో నెలలో ఫిజిక్స్ లెక్చరర్ బోర్డు మీద స్థానం టీ స్క్వేర్ అని రాసి, వేగం కావాలంటే డీఎక్స్ బై డీటీ చేయాలి, టూ టీ వస్తుంది, గుర్తుపెట్టుకోండి అని తర్వాతి లెక్కకు వెళ్లిపోయారు. స్క్వేర్‌లోని రెండు ముందుకు ఎందుకు వచ్చిందో ఆ అమ్మాయికి తెలియలేదు. అడగడానికి మొహమాటపడింది. నోటు పుస్తకంలో ఆ మెట్టు పక్కన పెన్సిల్‌తో చిన్న ప్రశ్నార్థకం గీసుకుంది. ఏడాది చివరికి ఆ పుస్తకం తిరగేస్తే పేజీ పేజీకీ అవే ప్రశ్నార్థకాలు: సదిశల లబ్ధాల దగ్గర, లాగరిథమ్ దగ్గర, గ్రాఫు కింది వైశాల్యం దగ్గర.

తప్పు ఆ లెక్చరర్‌ది కాదు. ఆయనకు ఇచ్చిన పీరియడ్లు ఫిజిక్స్ చెప్పడానికి, లెక్కలు చెప్పడానికి కాదు. కానీ నీట్‌లో 720 మార్కులకు 180 ఫిజిక్స్‌వే. డాక్టరు కావాలనుకునే పిల్లకు లెక్కలు అక్కర్లేదని చెప్పి, లెక్కలు లేనిదే కదలని సబ్జెక్టును చేతిలో పెడుతున్నాం. తనకు తెలివి లేదని ఆ పిల్ల అనుకుంటోంది. లేనిది తెలివి కాదు, ఎవరూ చెప్పని రెండు మూడు పాఠాలు.

కామర్స్ వైపు చూస్తే ఇదే బాధ ఇంకో రూపంలో ఉంది. సీఏ చదవాలని ఎంఈసీలో చేరిన కుర్రాడు ఎంపీసీ పిల్లలు చదివే నాలుగు పేపర్లే చదువుతాడు. దిక్ కొసైన్లు, డిమూవర్ సిద్ధాంతం, పరావలయం, దీర్ఘవృత్తం. తీరా సీఏ ఫౌండేషన్‌లో వంద మార్కుల క్వాంటిటేటివ్ ఆప్టిట్యూడ్ పేపరు అడిగేది నిష్పత్తులు, వడ్డీ, యాన్యుటీలు, సగటులు, సంభావ్యత. తప్పు జవాబుకు పావు మార్కు కోత కూడా ఉంటుంది. అతని పక్క బెంచీ సీఈసీ మిత్రుడు పదో తరగతి తర్వాత లెక్కల పుస్తకమే ముట్టుకోలేదు. సీఏ కావాలంటే ఆ పేపరుకు అతనూ కూర్చోవాల్సిందే. ఒకరికి అక్కర్లేనిది కొండంత పెట్టాం, ఇంకొకరికి కావలసింది గోరంత కూడా పెట్టలేదు.

ఇదంతా కొత్త ఆలోచన కూడా కాదు. ఎస్సెస్సెల్సీ చదివిన పాతతరం పెద్దలు అప్పట్లో రెండు స్థాయిల్లో ఉన్న జనరల్ మ్యాథ్స్, కాంపోజిట్ మ్యాథ్స్ అన్న మాటలు ఇప్పటికీ తలచుకుంటారు. సీబీఎస్ఈ 2020 పదో తరగతి పరీక్షల నుంచి గణితాన్ని స్టాండర్డ్, బేసిక్ అని రెండు పేపర్లు చేసింది. సిలబస్ ఒకటే, పాఠం ఒకటే, ప్రశ్నల లోతు మాత్రం వేరు. బేసిక్ పాసైనవాళ్లు మనసు మార్చుకుంటే కంపార్ట్‌మెంట్ పరీక్షలో స్టాండర్డ్ పేపరు రాసుకునే వీలు ఉంచింది. 2020–21 నుంచి పదకొండో తరగతిలో అప్లైడ్ మ్యాథమేటిక్స్ అన్న సబ్జెక్టు కూడా పెట్టింది. వడ్డీలు, ఈఎంఐలు, సంభావ్యత, గణాంకాలు అందులో పాఠాలు. 2020 జాతీయ విద్యావిధానం కూడా, గణితంతో మొదలుపెట్టి సబ్జెక్టులను రెండు స్థాయిల్లో అందించవచ్చని రాసుకుంది. సికింద్రాబాద్‌లోనే ఒకే వీధిలో సీబీఎస్ఈ బడికి వెళ్లే పిల్లకు ఉన్న వెసులుబాటు రాష్ట్ర సిలబస్ పిల్లకు లేదు.

ఇలా రెండు స్థాయిలు పెట్టడానికి ఒక గట్టి అభ్యంతరం ఉంది. తేలిక పేపరు అంటూ పెడితే పేద పిల్లలను, సర్కారు బడి పిల్లలను, ముఖ్యంగా ఆడపిల్లలను అటువైపే తోసేస్తారని అనుభవం ఉన్న ఉపాధ్యాయులు భయపడతారు. ఆ భయం నిజమే, తోసిపుచ్చలేం. కానీ అందరినీ ఒకే మెట్టు మీద నిలబెడితే సమానత్వం వస్తుందా అంటే, అమెరికాలో శాన్‌ఫ్రాన్సిస్కో అనుభవం చూడాలి. ఎనిమిదో తరగతిలో ఆల్జీబ్రా కొందరికే అందుతోందని అక్కడి బడులు 2014లో దాన్ని అందరికీ తొమ్మిదికి జరిపాయి. స్తోమత ఉన్న తల్లిదండ్రులు బయట డబ్బు కట్టి చెప్పించుకున్నారు. 2024 మార్చిలో ఓటర్లు ఎనిమిదో తరగతికి ఆల్జీబ్రా తిరిగి తేవాలని భారీ మెజారిటీతో తీర్పు చెప్పారు. మన బ్రిడ్జి క్లాసుల కథ, అక్కడి కథ ఒక్కటే: బడి మూసిన తలుపును డబ్బు తెరుస్తుంది. కాబట్టి కావలసింది తలుపులు తగ్గించడం కాదు. దాటిన తలుపు నుంచి వెనక్కి వచ్చే వీలు ఉండటం.

మెట్లు విరిగితే ఏమవుతుందో మన రాష్ట్రం ఒకసారి చూసింది. కొవిడ్ వల్ల 2020లో పరీక్షలు రద్దయి పదో తరగతి దాటిన పిల్లలు, ఆన్‌లైన్ పాఠాలతో ఫస్టియర్ గడిపి 2021 అక్టోబరులో పరీక్షలు రాశారు. డిసెంబరులో ఫలితాలు వస్తే పాసైనవాళ్లు 49 శాతం. గొడవ జరిగి, కొద్ది రోజులకే అందరికీ పాస్ మార్కులు వేశారు. మార్కులైతే వేశారు, పాఠాలు ఎవరు చెప్పారు? అంతకన్నా లోతైన గాయాన్ని 2023 అసర్ విద్యా సర్వే బయటపెట్టింది. దేశంలో 28 గ్రామీణ జిల్లాల్లో 14 నుంచి 18 ఏళ్ల వాళ్లను అడిగితే, మూడంకెల సంఖ్యను ఒక అంకెతో సరిగా భాగించగలిగినవాళ్లు 43.3 శాతం. అలాంటి పిల్లకు జూన్‌లో ద్విగుణ ప్రమేయం చెప్పడం అన్యాయం.

బోర్డును అడిగేది పెద్ద ఖర్చుతో కూడినదేమీ కాదు. ఫస్టియర్‌లో మొదటి నాలుగు వారాలు గ్రూపుతో పని లేకుండా అందరికీ పదో తరగతి లెక్కలు మళ్లీ చెప్పాలి. ప్రైవేటు కాలేజీ డబ్బుకు అమ్మే బ్రిడ్జిని సర్కారు కాలేజీ ఉచితంగా వేయాలి, అడ్మిషన్లు ఆలస్యమైనవాళ్లకు ఇంకోసారి వేయాలి. బైపీసీ, సీఈసీ పిల్లలకు ఏడాదికి ఒక చిన్న గణితం పేపరు ఉండాలి. బైపీసీకి అవకలనం, సదిశలు, లాగరిథమ్‌లు. సీఈసీకి వడ్డీలు, గణాంకాలు. ఎంఈసీ పిల్లలకు నాలుగు పేపర్ల బదులు ఆ కామర్స్ గణితాన్ని ఎంచుకునే స్వేచ్ఛ ఇవ్వాలి. ఫస్టియర్ అయ్యాక ఆసక్తి పుట్టిన పిల్లకు పూర్తి పేపర్లు అదనంగా రాసుకునే దారి ఉండాలి, ఆ దారి ఉందన్న సంగతి అడ్మిషన్ రోజే దరఖాస్తు మీద అచ్చు వేసి చెప్పాలి.

ఒకేషనల్ కోర్సుల పిల్లలు పై చదువులకు పోవడానికి బోర్డు బ్రిడ్జ్ కోర్సు ఇప్పటికే నడుపుతోంది. అంటే బ్రిడ్జ్ కోర్సు ఎలా నడపాలో బోర్డుకు కొత్తగా నేర్పనక్కర్లేదు. దాన్నే ఫస్టియర్ మొదట్లోకి తెచ్చి, జనరల్ గ్రూపుల పిల్లలకూ తెరవాలి. వచ్చే జూన్‌లో మరో బ్యాచ్ కాలేజీల్లో అడుగుపెడుతుంది. తార్నాక అమ్మాయి అప్పటికి సెకండియర్‌లో ఉంటుంది. స్క్వేర్‌లోని రెండు ముందుకు ఎందుకు వచ్చిందో ఆమెకు ఇంకా ఎవరూ చెప్పలేదు.

ఇట్లు,
ఒక పాఠకుడు,
సీతాఫల్‌మండి, సికింద్రాబాద్