సిగ్నల్ పోయినా దారి పోకూడదు

బందరు, గుడివాడ, దివిసీమ ప్రజలకు, పంచాయతీ పెద్దలకు, గ్రామ సచివాలయాల సిబ్బందికి, కాలేజీ విద్యార్థులకు విజ్ఞప్తి



తుఫాను రాత్రి మన ఊళ్లలో ముందు పోయేది కరెంటు. కరెంటు పోయిన కొన్ని గంటలకు సెల్ టవరు బ్యాటరీ దిగిపోతుంది. జనరేటరులో డీజిలు పోద్దామన్నా ఆ గాలిలో మనిషి రాలేడు. టవరు పడుకుందంటే చేతిలోని ఫోను, సచివాలయంలోని ట్యాబు రెండూ మూగబోతాయి. రోజూ దారి చూపే మ్యాపు తెల్లకాగితమై కూర్చుంటుంది. దారి కావలసిన గంటలోనే దారి చూపేది లేకుండా పోతుంది.

ఈ కరపత్రం అడిగేది ఒక్కటే. ఈ ఏడు అక్టోబరు వాయుగుండాలు మొదలుకాకముందే ప్రతి పంచాయతీలో ఒక ట్యాబులోకి ఇంటర్నెట్ అక్కర్లేని మ్యాపు ఎక్కించాలి. మన రేవులు, మన కట్టలు, మన షెల్టర్లు మన పేర్లతో అందులో ఉండేట్టు మనమే చూసుకోవాలి. యాప్‌కు పైసా ఖర్చు లేదు. కావలసింది కాస్త ఓపిక, కొన్ని ఆదివారాలు.

తుఫాను ఎక్కడుందో తెలుసు, మనం ఎటు పోవాలో?

1864 నవంబరు 1 రాత్రి ఉప్పెన బందరును ముంచింది. ఆ పట్నంలోను, చుట్టుపక్కల ఊళ్లలోను సుమారు 30 వేల మంది పోయారని లెక్క. 1977 నవంబరు 19న దివిసీమ మీద పడ్డ ఉప్పెన సంగతి చెప్పనక్కర్లేదు. పది వేలకు పైగా ప్రాణాలు పోయాయి. తీగలు తెగి, రోడ్లు తెగి, ఇక్కడ ఏం జరిగిందో బయటివాళ్లకు తెలియడానికే సమయం పట్టింది.

అప్పటికీ ఇప్పటికీ ఎంతో మారింది. బందరులో వాతావరణ శాఖవారి డాప్లర్ రాడార్ ఉంది. ఊళ్లలో తుఫాను షెల్టర్లు లేచాయి. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడూ, 2025 అక్టోబరు 28న మొంథా వచ్చినప్పుడూ రోజుల ముందే మనకు కబురు అందింది. అయితే తుఫాను ఎక్కడుందో గంట గంటకూ చెప్పే ఏర్పాటు ఉంది గానీ, టవరు పడ్డాక మనం ఎక్కడున్నామో, ఎటు కదలాలో చెప్పే ఏర్పాటు చేసుకోలేదు.

ముప్పు సముద్రం వైపు నుంచే రావాలని లేదు. 2024 సెప్టెంబరు మొదట్లో ప్రకాశం బ్యారేజీ దగ్గర వరద 11 లక్షల క్యూసెక్కులు దాటితే కింద లంకలు మునిగాయి. బుడమేరు నీళ్లు గుడివాడ పక్కన నందివాడ పొలాల దాకా వచ్చాయి. ఎగువన వాన కురిసినా మనకు దారులు తెగుతాయి.

జీపీఎస్‌కు ఇంటర్నెట్‌తో పని లేదు

చాలామంది పొరబడేది ఇక్కడే. నెట్ లేకపోతే జీపీఎస్ కూడా ఉండదనుకుంటారు. జీపీఎస్ ఉపగ్రహాలు సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతూ వేళ చెబుతూ ఉంటాయి. ట్యాబు ఆ సంకేతాలను రేడియోలాగా వింటుంది, అంతే. తిరిగి ఏమీ పంపదు. నాలుగు ఉపగ్రహాల మాట వినపడితే తానెక్కడుందో తానే లెక్క కట్టుకుంటుంది. మన ఇస్రో పంపిన నావిక్ ఉపగ్రహాలను వినగలిగే ఫోన్లు కూడా ఇప్పుడు వస్తున్నాయి.

నెట్ కావలసింది మ్యాపు బొమ్మ తెచ్చుకోవడానికి. ఆ బొమ్మ ముందే ట్యాబులో ఉంటే టవరు ఉన్నా ఊడినా ఒకటే. కాకపోతే, నెట్ లేనప్పుడు మొదటిసారి చోటు పట్టడానికి కొన్ని నిమిషాలు పట్టొచ్చు. ఆకాశం కనపడే చోట కదపకుండా ఉంచాలి. కంగారుపడి ఆపేసి మళ్లీ వేస్తే మళ్లీ మొదటికొస్తుంది.

ముందు ట్యాబును పరీక్షించండి. వైఫై మాత్రమే ఉన్న ఐప్యాడ్‌లో జీపీఎస్ ఉండదు. చవక రకం వైఫై ట్యాబులు కొన్నింటిలోనూ ఉండదు. ఆండ్రాయిడ్ అయితే ‘జీపీఎస్‌టెస్ట్’ అనే ఉచిత యాప్ వేసి ఆరుబయట నిలబడితే ఎన్ని ఉపగ్రహాలు వినపడుతున్నాయో వరసగా చూపిస్తుంది. అక్కడ ఖాళీగా ఉంటే ఎంత మంచి యాప్ వేసినా వృథా.

ఏ యాప్?

దుకాణంలో పేర్లు చాలా ఉన్నాయి. వాటిని తూచడానికి మూడు ప్రశ్నలు చాలు. సిమ్ తీసేసినా తెరుచుకుంటుందా? కారుకే కాక కాలినడకకూ దారి చెబుతుందా? తప్పు కనపడితే మనం దిద్దగలమా?

గూగుల్ మ్యాప్స్ అందరి ఫోనులోనూ ఉంది. మనకు కావలసిన మేర నలుచదరంగా గీసి దించుకోవచ్చు. అయితే ఆఫ్‌లైన్‌లో అది వాహనం దారే చెబుతుంది, నడకదారి చెప్పదు. దించుకున్న మ్యాపుకు గడువుంది, అప్పుడప్పుడూ కొత్తది దించుకోకపోతే పోతుంది. మామూలు రోజుల్లో వాడుకోండి. తుఫాను రాత్రికి దాన్ని ఒక్కదాన్నే నమ్ముకోవద్దు.

ఆర్గానిక్ మ్యాప్స్ ఉచితం. ప్రకటనలు లేవు, లాగిన్ అడగదు. ఆంధ్రప్రదేశ్ మ్యాపు ఒక్కసారి దించుకుంటే నడక, సైకిలు, కారు దారులు మూడూ నెట్ లేకుండా చెబుతుంది. పెద్దవాళ్లకైనా పది నిమిషాల్లో చేతికి అలవాటవుతుంది. ఇంటింటి ఫోనులో ఉండవలసింది ఇది.

ఓస్మ్‌అండ్ కాస్త బరువైనది. మెనూలు ఎక్కువ, మొదట్లో తికమకపెడుతుంది. ఉచిత రకంలో దించుకునే మ్యాపులకు పరిమితి ఉన్నా మనకు కావలసింది ఒక్క రాష్ట్రమే. నడిచిన దారిని గీతగా దాచుకోవడం, వందల గుర్తులను రంగుల వారీగా పెట్టుకోవడం, ఆ గుర్తులన్నీ ఒక ఫైలుగా బ్లూటూత్‌లో పక్క ట్యాబుకు పంపడం ఇందులో ఉన్నాయి. పంచాయతీ ట్యాబులో ఉండవలసింది ఇది.

ఈ చివరి రెండింటికీ వెనకున్న మ్యాపు ఒకటే: ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్. 2004లో ఇంగ్లండులో మొదలైంది. ఎవరైనా ఖాతా తెరిచి తమ ఊరి దారి గీయొచ్చు. 2010 జనవరిలో హైతీలో భూకంపం వచ్చినప్పుడు దేశదేశాల్లో కూర్చున్న మామూలు మనుషులు ఉపగ్రహ చిత్రాలు చూసి ఆ దేశ రాజధాని వీధులు రోజుల్లో గీస్తే, సహాయానికి వెళ్లినవాళ్లు ఆ పటం పట్టుకునే తిరిగారు. వాళ్లు భూకంపం వచ్చాక గీశారు. మనకు ముందే గీసుకునే వ్యవధి ఉంది.

సిమ్ తీసేసి చూశాను

ఊరికే చెబితే నమ్మరని ఒకరోజు ట్యాబులోంచి సిమ్ తీసి జేబులో వేసుకుని గుడివాడలో బస్సెక్కాను. పామర్రు, కూచిపూడి, మొవ్వ, చల్లపల్లి, మోపిదేవి. నీలి చుక్క బస్సుతో పాటే కదిలింది. పులిగడ్డ దగ్గర కృష్ణ రెండు పాయలుగా చీలే చోట తెర మీదా నీరు రెండుగా చీలింది. పక్క సీటులో కూర్చున్న పెద్దాయన వంగి చూసి, ‘సిగ్నల్ లేదుగా అబ్బాయ్, ఇదెట్లా నడుస్తోంది?’ అని అడిగాడు. ఉపగ్రహం సంగతి చెబితే నవ్వి, ‘అయితే మా ఊరు చూపించు’ అన్నాడు.

అక్కడ దొరికిపోయాను. నాగాయలంక అవతల ఆయన ఊరు. తెలుగులో కొట్టాను, రాలేదు. ఇంగ్లీషులో ఒక రకంగా కొట్టాను, రాలేదు. మొదటి అక్షరం మార్చి, మధ్యలో ఖాళీ వదిలి, నాలుగోసారి కొడితే వచ్చింది. ఊరు మ్యాపులో ఉంది, దాని పేరే మనం పలికినట్టు లేదు. ఇంకో యాప్ తెరిస్తే పొలం గట్టును రోడ్డనుకుని అటు తిరగమంది. వానాకాలంలో ఆ గట్టు మీద సైకిలు కూడా పోదు.

ఆ రోజు నాకు అర్థమైంది: యాప్ ఎంచుకోవడం సగం పనే. మిగతా సగం, మ్యాపులో మన ఊరు మనం పిలిచే పేరుతో ఉండేట్టు చేసుకోవడం. బందరన్నా మచిలీపట్నమన్నా ఒకటేనని మనకు తెలుసు, యంత్రానికి చెబితేనే తెలుస్తుంది. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో ఒక ఊరికి తెలుగు పేరు, ఇంగ్లీషు పేరు, వాడుక పేరు విడివిడిగా రాయొచ్చు. ఒకసారి రాస్తే, మ్యాపు కొత్తది దించుకున్న ప్రతివాళ్లకూ రెండు యాప్‌లలోనూ కనిపిస్తుంది.

పటం గీసే పని ఈ గడ్డకు కొత్తేమీ కాదు. 1790లలో కృష్ణా గోదావరి డెల్టాలను కొలిచిన కంపెనీ సర్వేయరు మైకేల్ టాపింగ్ 1796లో బందరులోనే చనిపోయాడు. అంతకు రెండేళ్ల ముందు మద్రాసులో ఆయన మొదలుపెట్టిన సర్వే బడే తర్వాత గిండీ ఇంజినీరింగ్ కాలేజీ అయింది. ఆనాటి కొలతలు కంపెనీవాళ్ల అవసరానికి. ఈనాటి కొలత మన ప్రాణానికి. 1843లో పుట్టిన నోబుల్ కాలేజీ, హిందూ కాలేజీ, కృష్ణా విశ్వవిద్యాలయం ఉన్న బందరులో, ఏఎన్నార్ కాలేజీ ఉన్న గుడివాడలో ఈ పనికి పిల్లలు దొరకరా?

‘మా డ్రైవర్లకు దారులన్నీ తెలుసు’

నిజమే. మన ఊరివాళ్లకు డొంకలన్నీ కళ్లు మూసుకున్నా తెలుసు. కానీ ఆ రాత్రి వచ్చేది మన ఊరివాళ్లేనా? పడవలతో వచ్చే విపత్తు దళం, పొరుగు జిల్లా నుంచి పంపిన 108 బండి, డ్యూటీ మీద కొత్తగా వేసిన ఆఫీసరు, తీగలు కట్టడానికి వచ్చిన లైన్‌మన్లు... వాళ్లకు ఏ లాకు ఎక్కడుందో, ఏ చప్టా మీద నీళ్లెక్కుతాయో ఎవరు చెప్పాలి?

‘ట్యాబు వానలో తడిస్తే?’ అంటారు. ప్లాస్టిక్ కవరు, పవర్ బ్యాంకు, బండిలో పెట్టే ఛార్జరు దగ్గరుంచండి. అదే మ్యాపును కాగితం మీద అచ్చు వేయించి సచివాలయం గోడకు అంటించండి.

‘మ్యాపును నమ్మి నీళ్లలో దిగితే?’ ఇది అసలైన భయం, ఉండాలి కూడా. ఏ మ్యాపుకూ నీటి లోతు తెలియదు. పారే నీరు రోడ్డు మీదుంటే యాప్ ఏం చెప్పినా దిగవద్దు. కట్ట మీద కాపలా మనిషి వద్దంటే వద్దు.

ఇంకో జాగ్రత్త, అంకెల గురించి. వేటకు పోయే మత్స్యకారులకు ఇది బాగా తెలుసు. ఒకరు అక్షాంశం ‘16.20’ అని చెబితే, వినేవాడు దాన్ని 16 డిగ్రీల 20 నిమిషాలని రాసుకున్నాడనుకోండి. 16.20 డిగ్రీలంటే నిజానికి 16 డిగ్రీల 12 నిమిషాలు. ఆ ఎనిమిది నిమిషాల తేడా నేల మీద దాదాపు 15 కిలోమీటర్లు! గిలకలదిండి దగ్గర ఆపదలో ఉన్న పడవ కోసం ఇంకెక్కడో వెతుకుతారు. పంచాయతీ, హార్బరు, పోలీసు అందరూ ఒకే తీరులో చెప్పుకోవాలని ముందే అనుకోవాలి.

మేం కోరేది

1. సెప్టెంబరు నెలాఖరులోగా ప్రతి గ్రామ సచివాలయం ఒక ట్యాబులో ఓస్మ్‌అండ్ వేసి ఆంధ్రప్రదేశ్ మ్యాపు దించాలి. నెలకోసారి మ్యాపును తాజా చేసే బాధ్యత ఒక ఉద్యోగికి అప్పగించాలి.

2. షెల్టరు, మెరక మీదున్న బడి, పంటు రేవు, లాకులు, మునిగే చప్టా, ఆసుపత్రి: ఈ ఆరూ ప్రతి ఊళ్లో నడిచి చూసి ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో తెలుగు పేరుతో ఎక్కించాలి. కాలేజీలు దీన్ని విద్యార్థుల సేవా కార్యక్రమంగా తీసుకోవాలి.

3. నెలలు నిండిన గర్భిణులు, డయాలసిస్ రోగులు, మంచం దిగలేని వృద్ధుల ఇళ్లు మాత్రం లోకమంతా చూసే మ్యాపులో పెట్టకూడదు. ఆ గుర్తులు పంచాయతీ ట్యాబులోనే తాళం వేసి ఉంచాలి. ఆశా కార్యకర్త, ఏఎన్ఎం చేతులు దాటకూడదు.

4. తుఫాను విన్యాసం జరిపే రోజున ట్యాబు సిమ్ తీసేసి, ఊరికి కొత్త మనిషి చేతికిచ్చి, షెల్టరు దాకా వెళ్లమనాలి. వెళ్లగలిగితే పని పూర్తయినట్టు. లేకపోతే ఎక్కడ తప్పాడో అక్కడ దిద్దాలి.

5. ప్రతి ఇంట్లో ఒక్క ఫోనులోనైనా ఆర్గానిక్ మ్యాప్స్ ఉండాలి. సచివాలయం వైఫై మీద దించుకోనివ్వాలి.

చివరిగా ఒక పరీక్ష

మీరే చేసి చూడండి. యాప్‌లో ఎదురుమొండి నుంచి అవనిగడ్డకు దారి అడగండి. ఏటిమొగ రేవు మ్యాపులో సరిగ్గా ఎక్కి ఉంటే పంటు మీదుగా గీత గీస్తుంది. ఇప్పుడు సెట్టింగుల్లోకి వెళ్లి పడవదారులు వద్దని చెప్పండి. తుఫాను హెచ్చరిక వచ్చి పంటు ఆపేశారనుకోండి, అదీ ఇదీ ఒకటే. మళ్లీ దారి అడగండి. ఎదురుమొండికైనా, నాచుగుంటకైనా, ఈలచెట్లదిబ్బకైనా ఆ గీత మాయమవుతుంది. దారి దొరకలేదని తెర మీద పడుతుంది.

అది యాప్ తప్పు కాదు. ఆ మాటను తుఫాను రాత్రి చదివితే చేసేదేమీ ఉండదు. ఈ ఆదివారం అరుగు మీద కూర్చుని చదివితే, పంటు తిరుగుతుండగానే ఎవరెవరు, ఏ పూట, ఎక్కడికి కదలాలో ఊరంతా కలిసి రాసుకోవచ్చు. అందుకే ఈ ఆదివారమే ట్యాబు తెరవండి.

ఇట్లు,
దివిసీమ వాసి ఒకరు

(చదివినవారు పక్కింటికి ఇవ్వండి. పారవేయకండి.)