పులికి ముందు పశువును పరీక్షించాలి: కవ్వాల్ గురించి రెండు శాఖలకు బహిరంగ లేఖ

తెలంగాణ ప్రధాన వన్యప్రాణి సంరక్షణాధికారికి, పశుసంవర్ధక శాఖ సంచాలకులకు

ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లాలో 2012లో ఏర్పడిన కవ్వాల్ పులుల అభయారణ్యం వైపు మహారాష్ట్రలోని తడోబా, తిప్పేశ్వర్ అడవుల పులులు కాగజ్‌నగర్ మీదుగా వస్తున్నాయి. కొన్ని నిలుస్తున్నాయి, కొన్ని వెనుదిరుగుతున్నాయి. వాటి కోసం నీటికుంటలు, గడ్డి మైదానాలు సిద్ధం చేస్తున్న అటవీ శాఖ, అదే అడవిలో మేస్తున్న పశువుల్లో క్షయ ఎంత ఉందో తేల్చే పనిని కూడా పశుసంవర్ధక శాఖతో కలిసి ఇప్పుడే చేపట్టాలని కోరడం ఈ లేఖ ఉద్దేశం. కవ్వాల్ పులికి క్షయ సోకిందని ఈ లేఖ చెప్పడం లేదు. సోకకముందే ఎందుకు వెతకాలో దక్షిణాఫ్రికా సింహాల అనుభవం చెబుతుంది.

పశువుల క్షయకు ముఖ్య కారణం మైకోబ్యాక్టీరియం బోవిస్ అనే సూక్ష్మజీవి. మనుషుల్లో క్షయ కలిగించే సూక్ష్మజీవికి ఇది దగ్గరి బంధువు, దీన్నే బలహీనపరచి బీసీజీ టీకాను తయారుచేశారు. దక్షిణాఫ్రికాలోని క్రూగర్ జాతీయ పార్కులోకి ఇది దాని దక్షిణ సరిహద్దున ఉన్న క్రొకడైల్ నది అవతల మేసే పశువుల నుంచి 1950, 60 దశకాల్లో వచ్చిందని పరిశోధకుల అంచనా కాగా, అక్కడి అడవిబర్రెల్లో అది బయటపడింది 1990లో, వాటిని వేటాడి తినే సింహాల్లో బయటపడింది 1995లో. రోగం ముదిరిన సింహం చిక్కిశల్యమై, కీళ్లు వాచి, కుంటుతూ, వేటాడే శక్తి కోల్పోతుంది; కాని అందుకు నెలలు, ఏళ్లు పడుతుంది, ఆలోగా అది మామూలుగానే కనిపిస్తుంది. పార్కు దక్షిణ కొసన మొదలైన వ్యాధి ఉత్తరానికి పాకి, లింపోపో నది దాటి జింబాబ్వేలోని గొనారెజో అడవిబర్రెల దాకా చేరింది. వెయ్యికి పైగా సింహాలున్న క్రూగర్ ఆ దెబ్బకు కుప్పకూలలేదన్న మాట నిజమే. ఇప్పుడిప్పుడే పులులు కాలూనుతున్న కవ్వాల్‌కు మాత్రం ఒక్క ఆడపులిని పోగొట్టుకోవడం కూడా భరించరాని నష్టం.

దేశంలో జరిగిన అధ్యయనాలను కలిపి చూసిన ఒక సమీక్ష, పశువుల్లో సుమారు 7 శాతానికి క్షయ ఉండవచ్చని 2018లో లెక్కకట్టింది. ఆ సగటు ఆదిలాబాద్ మందలకు వర్తిస్తుందో లేదో పరీక్షిస్తేనే తెలుస్తుంది. పరీక్ష కష్టమైనదేమీ కాదు: ట్యుబర్‌క్యులిన్ అనే పదార్థాన్ని మెడ చర్మంలోకి కొద్దిగా ఎక్కించి, 72 గంటల తర్వాత వాపును కొలుస్తారు, మట్టిలో, నీటిలో ఉండే ఇతర సూక్ష్మజీవుల వల్ల వచ్చే వాపుతో పొరపడకుండా పక్కనే పక్షుల క్షయకు సంబంధించిన ట్యుబర్‌క్యులిన్ కూడా ఎక్కించి రెండింటినీ పోల్చుతారు. గాలికుంటు టీకాలకు ఊరూరూ తిరిగే సిబ్బంది మూడో రోజు మళ్లీ అదే ఊరికి వెళ్లేలా ఏర్పాటు చేయాలి. గోదావరికి దక్షిణాన, పాత కరీంనగర్ జిల్లా కోరుట్లలో పశువైద్య కళాశాల ఉంది. దాని అధ్యాపకులకు, విద్యార్థులకు ఈ పని అప్పగించడం సబబు.

చనిపోయిన పులి విషయంలో మరింత శ్రద్ధ అవసరం. జాతీయ పులుల సంరక్షణ సంస్థ నియమాల ప్రకారం శవపరీక్ష చేసి, నమూనాలు తీసి, కళేబరాన్ని కాల్చివేస్తారు. విషం కోసం, గాయాల కోసం చూసే ఆ పరీక్షలో ఊపిరితిత్తుల, లసిక గ్రంథుల ముక్కలను క్షయ కోసం కూడా భద్రపరచకపోతే, ఆ మంటతో పాటే సమాచారమూ కాలిపోతుంది. అలాంటి నమూనాలను పరీక్షించే చోటు దూరంలో లేదు: 2021 మేలో హైదరాబాద్ నెహ్రూ జంతు ప్రదర్శనశాలలోని ఎనిమిది సింహాలకు కోవిడ్ సోకిందని తేల్చినది కణ, అణు జీవశాస్త్ర కేంద్రం (సీసీఎంబీ)కి చెందిన లాకోన్స్ ప్రయోగశాలే. అంతటి నైపుణ్యం హైదరాబాద్‌లోనే అందుబాటులో ఉంది.

అన్నిటికన్నా సున్నితమైన విషయం పశువుల యజమానులది. 2025 మే నెలలో కవ్వాల్, తడోబాల నడుమ కుమ్రం భీం సంరక్షణ రిజర్వును ప్రకటిస్తూ ఇచ్చిన జీవో 49ను ఆదివాసుల నిరసన తర్వాత జూలైలో ప్రభుత్వమే నిలిపివేసింది. అడవి నుంచి తమను దూరం చేస్తారన్న వారి అనుమానం ఇంకా తీరలేదు. 2024 జనవరిలో కాగజ్‌నగర్ ప్రాంతంలో పశువు కళేబరానికి పూసిన విషం పులిని బలిగొన్నదనీ మరువరాదు. క్షయ సోకిన పశువును వధించే విధానం దేశంలో లేదు కనుక, దాన్ని మంద నుంచి వేరు చేయమని గోండు, కొలాం రైతుకు చెప్పే ముందు పరిహారం, వేరే కొట్టం, మేత ఖర్చు ఎవరు భరిస్తారో ఉత్తర్వులోనే రాయాలి. మేతను నిషేధించడానికి పరీక్షా ఫలితాలను సాకుగా వాడబోమని కూడా అందులోనే చెప్పాలి. పచ్చిపాల ద్వారా ఈ క్షయ మనుషులకూ సోకుతుంది. అందువల్ల పరీక్ష పులి కోసమే కాదు, ఆ ఇంటి పిల్లల కోసం కూడానని గ్రామసభల్లో గోండి, కొలామి భాషల్లో ముందే వివరించి, ఫలితాలను మొదట ఆ పశువుల యజమానులకే అందజేయాలని ఈ లేఖ రెండు శాఖలనూ కోరుతున్నది.