పుణ్యమూ కాదు, ధైర్యమూ కాదు

సైన్సు జవాబు పత్రాలు దిద్దే మాస్టారు ఎవరినైనా అడిగి చూడండి. 'పౌనఃపున్యం' అని రాయవలసిన చోట 'పౌనపుణ్యం' అనీ, 'తరంగదైర్ఘ్యం' అని రాయవలసిన చోట 'తరంగధైర్యం' అనీ రాసే పిల్లలు ప్రతి ఏడూ ఉంటారు. నేనూ ఒకప్పుడు అలా రాసినవాణ్ణే. మార్కులు పోయాయి, చీవాట్లూ పడ్డాయి. కాని ఆ మాటల అర్థం అప్పుడు కూడా ఎవరూ చెప్పలేదు. తప్పు లేకుండా రాసిన నా పక్క బెంచీవాడికీ తెలియదు. వాడికి మార్కులొచ్చాయి, అంతే తేడా.

ఇలాంటివి చూసి కొందరు పెద్దలు, "ఈ సంస్కృతం గొడవ దేనికి? హాయిగా ఫ్రీక్వెన్సీ, వేవ్‌లెంగ్త్ అని చెప్పేస్తే పోదా?" అంటారు. మరికొందరు "అన్నీ తెలుగులోనే ఉండాలి" అంటారు. ఈ పోట్లాటలో నేను ఎవరి పక్షమూ కాదు. మూత తీయని డబ్బా మీద చీటీ ఏ భాషలో ఉంటే ఏం? లోపలిది మనకు అందదు గదా!

మూత తీసి చూద్దాం. 'పునఃపునః' అంటే మళ్ళీ మళ్ళీ. ఒక సెకనులో ఒక కదలిక మళ్ళీ మళ్ళీ ఎన్నిసార్లు జరిగిందో ఆ లెక్కే పౌనఃపున్యం. ఇక 'దీర్ఘం' అన్న మాట మీకు గుణింతం నేర్చుకున్న నాటి నుంచీ తెలుసు. దాని నుంచి పుట్టిందే దైర్ఘ్యం, అంటే పొడవు. ఒక అల శిఖరం నుంచి పక్క అల శిఖరం దాకా ఉన్న దూరమే తరంగదైర్ఘ్యం. ఈ నాలుగు ముక్కలు ముందే చెప్పి ఉంటే పుణ్యమూ ధైర్యమూ మా పేపర్లలోకి వచ్చేవి కావు.

ఇప్పుడు ఈ మాటల చేత పని చేయించండి. ఆకాశవాణి హైదరాబాదు కేంద్రం ఏళ్ళ తరబడి మీడియం వేవ్‌లో వినిపించినది 738 కిలోహెర్ట్జ్ మీద. విజయవాడ కేంద్రం 837 మీద. (ఒకదాన్ని తిరగేస్తే ఇంకొకటి! ఇది మాత్రం కాకతాళీయమే.) 738 కిలోహెర్ట్జ్ అంటే సెకనుకు 7,38,000 సార్లు. రేడియో అల సెకనులో దాదాపు 3,00,000 కిలోమీటర్లు పోతుంది. ఆ దూరంలో ఇన్ని అలలు వరుసగా పట్టాలి. భాగించి చూడండి, ఒక్కో అల పొడవు సుమారు 406 మీటర్లు! సెల్‌ఫోన్లకు వాడే 900 మెగాహెర్ట్జ్‌కు ఇదే లెక్క వేస్తే వచ్చేది 33 సెంటీమీటర్లే. ఏరియల్ సాధారణంగా అల పొడవులో నాలుగో వంతుకు అటూ ఇటూగా ఉంటే బాగా పనిచేస్తుంది. అందుకే మీడియం వేవ్ కేంద్రానికి తాటిచెట్లను మించిన స్తంభం కావాలి. సెల్‌ఫోన్ ఏరియల్ ఫోను లోపలే ఇమిడిపోతుంది.

హెర్ట్జ్ మీద నాకొక చిన్న ఫిర్యాదు ఉంది. పూర్వం 'సెకనుకు ఇన్ని సైకిళ్ళు' అనేవారు. సైకిల్ అంటే ఇక్కడ ఒక పూర్తి చుట్టు. 1960లో తూనికలు, కొలతల అంతర్జాతీయ మహాసభ దానికి హెర్ట్జ్ అనే పేరు ఖాయం చేసింది. 1887-88లో రేడియో అలలను పుట్టించి, పట్టి చూపిన హైన్రిఖ్ హెర్ట్జ్‌కు ఆ గౌరవం దక్కవలసిందే. కాని 'సెకనుకు ఇన్నిసార్లు' అనే అర్థం మాటలోంచి ఎగిరిపోయింది. దాన్ని మనమే గుర్తుపెట్టుకోవాలి.

ఇంగ్లీషు మాటే సులువు అనేవారికి నేను 'బ్యాండ్‌విడ్త్'ను చూపిస్తాను. ఇంటర్నెట్ వచ్చాక ఆ మాట అనని వారు లేరు. అర్థం అడిగితే 'వేగం' అంటారు. విడ్త్ అంటే వెడల్పు కదా, వేగం ఎలా అయింది? మాటలనూ పాటలనూ మోయాలంటే ఒకే ఒక్క పౌనఃపున్యం చాలదు, అటూ ఇటూ కొంత మేర కావాలి. ఆ మేర వెడల్పే బ్యాండ్‌విడ్త్. అది పెరిగితే సెకనులో ఎక్కువ సమాచారం పంపవచ్చు, అలా వేగమన్న అర్థం దానికి అంటుకుంది. పాత టెలిఫోను మోసే మేర 300 నుంచి 3400 హెర్ట్జ్ దాకానే. 'స', 'ఫ' పలికేటప్పటి బుసలో చాలా భాగం అంతకు పైన ఉంటుంది, అది అవతలికి చేరేదే కాదు. అందుకే పేరు చెప్పాలంటే "సీతలో స అండీ, ఫలంలో ఫ కాదు" అని అరవవలసి వచ్చేది. 'పట్టీ వెడల్పు' అని ఉంటే దాన్ని వేగమని ఎవరు పొరబడతారు?

ప్రశ్నపత్రం నన్ను తయారు చేయమంటే నిర్వచనాలు అడగను. ఇలా అడుగుతాను: "మన దేశంలో మీడియం వేవ్ కేంద్రాలను 9 కిలోహెర్ట్జ్‌ల ఎడంతో అమర్చారు. 738, 837 రెండూ 9తో శేషం లేకుండా భాగింపబడతాయి. మరి 840 మీద విజయవాడకు దగ్గరలో ఇంకో కేంద్రం పెడితే ఏమవుతుంది? ఎందుకు?" జవాబులో ఫ్రీక్వెన్సీ అన్నా సరే, పౌనఃపున్యం అన్నా సరే. 'పుణ్యం' అని రాస్తే మాత్రం అర మార్కు కోస్తాను, అంతకు మించి కాదు.