గుణదల బండి చుండూరులోనూ ఆగాలి

ఫిబ్రవరి వచ్చిందంటే మాలపల్లెల్లో, మాదిగపల్లెల్లో గుణదల కబుర్లే. 9, 10, 11 తేదీల్లో మేరీమాత తిరునాళ్ల. కొందరు రైలెక్కుతారు, మొక్కున్నోళ్లు నడిచే పోతారు. కొండెక్కి కొబ్బరికాయ కొడతారు, పిల్లల తలనీలాలిస్తారు. 'గుడి తిరునాళ్లకీ దీనికీ తేడా ఏంటి?' అని మన సంఘాల్లోనే కొందరు సోదరులు ఎగతాళి చేస్తున్నారు. బాప్టిస్టు పాస్టర్లేమో విగ్రహారాధన అంటున్నారు. ఈ ఎగతాళిలో మేం కలవం.

తేరు తాడు ముట్టుకోనివ్వని ఊళ్లలోంచి బయల్దేరిన జనం వీళ్లు. 1924లో ఫాదర్ ఆర్లాటి అనాథ పిల్లల ఆశ్రమం పెట్టిన చోటది. ఆ మెట్ల మీద మన అవ్వ ముందు నిలబడితే వెనకున్న కామందు 'పక్కకి జరుగు' అనలేడు. ఊళ్లో దొరకనిది అక్కడ మూడు రోజులు దొరుకుతుంది. దాన్ని మూఢనమ్మకం అని ఒక్క మాటతో కొట్టేస్తే ఎట్లా?

మా పేచీ వేరే. దూరాన ఉన్న కొండ తెలిసిన మనకి పక్కనున్న ఏరు తెలీదు.

ఒంగోలు దగ్గర వెల్లంపల్లి కాడ గుండ్లకమ్మ ఉంది. 1876-78 కరువులో మనోళ్లు పిట్టల్లా రాలిపోయారు. బకింగ్‌హాం కాలవ తవ్వకంలో మూడున్నర మైళ్ల కంట్రాక్టు క్లౌ దొర తీసుకుని మనోళ్లకి పని చూపించాడు. ఈ ముక్క పట్టుకుని 'కూటికి మతం మారినోళ్లు' అని నేటికీ మనల్ని ఎత్తిపొడుస్తారు. జరిగిందేంటి? కరువు పని నడిచినన్నాళ్లూ, దాదాపు 15 నెలలు, ఆయన ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. కూటి కోసం వచ్చారనే మాట పడకూడదని. పని అయిపోయింది, సాయం నిలిచిపోయింది, ఇక పెట్టేదేమీ లేదన్నాడు. అప్పుడొచ్చారు మనోళ్లు! 1878 జులై 2న 614 మంది, 3న 2,222 మంది, 4న 700 మంది గుండ్లకమ్మలో మునిగి లేచారు. మూడు రోజుల్లో 3,536 మంది. కూలి లేదని తెలిసీ వచ్చినోళ్లని కూటి కోసం వచ్చారనడానికి నోరెట్లా వస్తుంది?

ఇంకో సంగతి. క్లౌ దొర ఒంగోలు వచ్చి కాపురం పెట్టక ముందే దారి వేసింది మాదిగాయన. తాళ్లకొండపాడు యర్రగుంట్ల పేరయ్య, తోళ్ల వ్యాపారి, 1866లోనే బాప్తిస్మం తీసుకున్నాడు. బళ్లో మేం పిల్లలకి అక్బరు, అశోకుడు అన్నీ చెప్తాం. ఆ పుస్తకాల్లో పేరయ్య పేరు మాత్రం కనపడదు. ఆదివారం ప్రసంగాల్లో దొర పేరు పదిసార్లు వస్తే ఈయన పేరు ఒక్కసారి రాదు. ఇది చర్చిలో ఉన్న కులం కాకపోతే ఏంటి? తెలుగు గడ్డ నుంచి ఒక దళితుడు, పూల ఆంతోని, కార్డినల్ కావడానికి 2022 దాకా ఆగాల్సి వచ్చింది.

సర్కారు సంగతీ చూడండి. 2019లో రాష్ట్ర ప్రభుత్వం జెరూసలేం యాత్ర సాయం పెంచింది. ఏడాదికి 3 లక్షల లోపు ఆదాయమున్నోళ్లకి 40 వేల నుంచి 60 వేలు. మంచిదే, పోగలిగినోళ్లు పోయి రండి. కానీ అదే మాదిగ మనిషి కాగితం మీద 'క్రైస్తవుణ్ణి' అని రాస్తే ఎస్సీ సర్టిఫికెట్టు పోతుంది, 1 శాతం కోటా ఉన్న బీసీ-సీలో పడతాడు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు అది. 1956లో సిక్కులకి, 1990లో బౌద్ధులకి సవరించారు, మనకి లేదు. ఏసు పుట్టిన ఊరికి పోవడానికి డబ్బిస్తారు, సొంతూళ్లో ఏసు పేరు చెప్తే హక్కు గుంజుకుంటారు. అందుకే మన పిల్లలు బైబిలు సంచిలో దాచుకుని ఆఫీసుల చుట్టూ తిరుగుతున్నారు. ఆ పిల్లల్ని 'దొంగ హిందువులు' అనేవాళ్లు ముందు ఆ ఉత్తర్వు చదవాలి.

ఇక చుండూరు. 1991 ఆగస్టు 6న 8 మంది మన బిడ్డల్ని నరికి చంపారు, శవాల్ని గోనెసంచుల్లో కుక్కి కాలవలో పడేశారు. మనోళ్లు ఆ శవాల్ని ఊరవతల పాతిపెట్టలేదు, ఊరి నడుమే పూడ్చారు. ఆ చోటుకి రక్తక్షేత్రం అని పేరు పెట్టుకున్నారు. ఆ ఊళ్లోనే ప్రత్యేక కోర్టు పెట్టించారు. 2007లో 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది శిక్ష పడింది. 2014లో హైకోర్టు అందర్నీ వదిలేసింది. తొలి క్రైస్తవులు హతసాక్షుల సమాధుల దగ్గర చేరి ప్రార్థన చేసుకునేవాళ్లని పాస్టర్లే చెప్తారు కదా. మరి మన హతసాక్షుల దగ్గరికి ఆగస్టు 6న ఎన్ని చర్చిలు కదులుతున్నాయి?

ఒంగోలు నుంచి బెజవాడ పోయే రైలు చుండూరు మీదుగానే పోతుంది. గుణదలకి పోయే అక్కలూ, అన్నలూ, ఈసారి పిల్లలతో అక్కడ ఒక పూట దిగండి. ఆ 8 పేర్లూ వాళ్ల చేత చదివించండి.