భద్రాద్రి సీమలో మూడవ వాఙ్మయము

భద్రాచల ప్రాంతపు సారస్వతమును గూర్చి వ్రాయబూనిన పండితులు సాధారణముగా రెండింటిని పేర్కొందురు. ఒకటి ఆలయాశ్రితమైన ఆగమ స్తోత్ర సంప్రదాయము. రెండవది నేలకొండపల్లిలో జన్మించిన కంచెర్ల గోపన్న, అనగా రామదాసు, రచించిన కీర్తనలు, దాశరథీ శతకము. ఈ సీమకు మూడవ వాఙ్మయము కూడ కలదు. అది కోయల డోలి కథ. డోలి కథకులు తమ వంశముల మూలపురుషుల చరిత్రలను, సమ్మక్క సారలమ్మల గాథను డోలు వాయించుచు గానము చేయుదురు. పడిగె యను వస్త్రపటముపై ఆ చరిత్ర చిత్రరూపమున ఉండును. సాహిత్యము, సంగీతము, చిత్రకళ ఒక్కచోట కలిసిన ఇట్టి సంపదను మనలో అనేకులము వాఙ్మయముగా గణింపలేదు. ఆ అనేకులలో నేనును ఒకడను.

చాలకాలము క్రిందట గోదావరి తీరమున ఒక కోయ వృద్ధుడు గంటసేపు తడబాటు లేక వంశావళిని గానము చేయగా వింటిని. ఏ గ్రంథములో నేర్చితివని అడిగితిని. తండ్రి చెప్పగా నేర్చితినని అతడు బదులు చెప్పెను. అప్పుడు చిరునవ్వు నవ్వి ఊరకుంటిని. ఆ నవ్వునకు నేడు సిగ్గుపడుచున్నాను. నేను పాఠశాలలో నేర్చిన విద్య మాత్రము ఎట్టిది? గురువు ఒకమారు చెప్పగా శిష్యులము మరల మరల వల్లించి, పుస్తకము తాకకయే సంత నేర్చితిమి. శ్రుతి యను పేరులోనే వినికిడి యున్నది. ముఖస్థమగుట మన వేదమునకు గౌరవమై, కోయ కథకు లోపమగుట ఏ న్యాయము?

శాస్త్రము దీనికి అంగీకరించునా యని సందేహించువారు జాయపసేనానిని స్మరింపవలెను. కాకతి గణపతిదేవుని గజసేనానియైన ఆయన 1253-54 ప్రాంతమున సంస్కృతమున రచించిన నృత్తరత్నావళిలో ఎనిమిది అధ్యాయములు కలవు. మొదటి నాలుగు మార్గమునకు, తక్కిన నాలుగు దేశికి వినియోగింపబడినవి. పేరణి, గొండలి వంటి దేశి నృత్తములకు ఆయన లక్షణము చెప్పెను. జనుల ఆటను చూచి శాస్త్రము వ్రాయుట ఓరుగంటి నేలకు క్రొత్త కాదు. గ్రంథములో సగభాగము దేశికిచ్చిన ఆ పండితునికి మనము వారసులము కావలదా?

రామదాసు కీర్తనల చరిత్ర మనకు ఒక హెచ్చరిక. అవి భజన గోష్ఠులలో నోటినుండి నోటికి నిలిచినవి. త్యాగరాజస్వామి తన కృతులలో ఆయనను స్మరించెను. మన కాలమున మంగళంపల్లి బాలమురళీకృష్ణగారి గానమువలన అవి కచేరీలలో ప్రసిద్ధికెక్కినవి. కాని తానీషా కాలమున గోపన్న పాడిన వరుసలు స్వరలిపిలో మనకు దక్కలేదు. సాహిత్యము నిలిచినది; ఆ నాటి గానము గాలిలో కలిసినది. కోయ కథ విషయమున సాహిత్యము సైతము దక్కకపోవు ప్రమాదమున్నది.

మణుగూరు మండలము కూనవరమునకు చెందిన డోలి కళాకారులు సకిని రామచంద్రయ్యగారికి 2022లో పద్మశ్రీ లభించినది. 2024లో వారు దివంగతులైరి. 2014లో పోలవరము నిమిత్తము చింతూరు, వరరామచంద్రపురము మొదలగు మండలములు ఆంధ్రప్రదేశములో చేరినవి. ముంపు ఊళ్ల జనులు చెదరినకొలది కథకునికి శ్రోతలు తగ్గుదురు. శ్రోతలు లేని కథ కథకునితోనే అంతరించును.

కోయభాష మనది కాదు, ఛందస్సు తెలియదు అను ఆక్షేపణ రావచ్చును. ఆ భాషయు ద్రావిడ కుటుంబమునకు చెందినదే. తెలియనిదానిని తెలిసికొనుటకే పరిశోధన. పదవిభాగము, ప్రతిపదార్థము, పాఠాంతర నిర్ణయము మనకు చేతనైన పనులు. కోయ ఇండ్ల నుండి వచ్చిన విద్యార్థులే ఇందుకు ముందుండవలెను. మూలమును తెలుగు లిపిలో వ్రాసి, గానమును ధ్వనిముద్రణ చేసి, అర్థమును కథకునిచేతనే సరిచూపించి, అతని పేరును మొదట ప్రకటింపవలెను. అతడు మనకు విషయదాత కాడు, గురువు. గురువునకు తగిన సంభావన ఇచ్చి పంపవలెను.

ప్రతి సంచికలో ఇట్టి పాఠము ఒక్కటి వెలువడినను చాలును. ఆ వృద్ధుడు నేడు లేడు. అతని తండ్రి చెప్పిన మాటలు ఎవరి నోట నున్నవో వెదకుటకు నాకు వయస్సు చాలదు. మీకు చాలును.