తలుపు అటువైపు ఎవరున్నారు?

ఒక విషయం ఒప్పేసుకుంటా. నాకు ఇరవై ఆరేళ్లు. మనసు బాగోలేనప్పుడు నేను చూసే సినిమా ‘ఫ్రోజెన్’. అవును, అదే. ఇద్దరు రాకుమార్తెలు, ఊరినిండా మంచు, మాటలు చెప్పే మంచుబొమ్మ, మధ్యమధ్యలో పాటలు... ఆ యానిమేషన్ సినిమానే. నవ్వుకోండి, పర్లేదు. నవ్వడం అయ్యాక నా మాట కాస్త వినండి.

2014 ఎండాకాలం. అక్క లాంగ్‌టర్మ్ కోచింగ్ తీసుకుని రెండోసారి ఎంసెట్ రాసింది. అయినా మెడిసిన్ సీటొచ్చే ర్యాంకు రాలేదు. ఆ రోజు గదిలోకెళ్లి తలుపేసుకుంది. భోజనానికి తప్ప బయటికొచ్చేది కాదు. నాకేమో టెన్త్ అయిపోయి సెలవులు. క్యారమ్ బోర్డు పట్టుకెళ్లి తలుపు కొట్టేదాన్ని. ‘‘అక్కా, ఒక్క గేమ్!’’ లోపల్నుంచి ‘‘పోవే’’ అని వినిపించేది. కొన్నాళ్లకి ఆ మాట కూడా రావడం మానేసింది. నేనూ కొట్టడం మానేశా. ‘దీనికి పొగరు’ అని తేల్చేసుకున్నా. తర్వాత అక్క బీఫార్మసీలో చేరింది, ఉద్యోగానికి హైదరాబాద్ వెళ్లింది. పండగలకి కలిసి ఫొటోలు దిగేవాళ్లం. అంతే, మాటల్లేవు.

2019 నవంబరులో ‘ఫ్రోజెన్ 2’ తెలుగులో కూడా వచ్చింది. ఎల్సాకి నిత్యామేనన్, చిన్ననాటి ఎల్సాకి మహేశ్‌బాబు కూతురు సితార గొంతు ఇచ్చారు. మా పిన్ని కూతురికి అప్పుడు ఆరేళ్లు. థియేటర్ నుంచి ఇంటికి రాగానే ‘మొదటిది కూడా చూపించు’ అని ఒకటే గొడవ. సరేనని ఆ రాత్రి టీవీకి ల్యాప్‌టాప్ తగిలించి, 2013లో వచ్చిన మొదటి భాగం పెట్టా. సెలవు మీద ఇంటికొచ్చిన అక్క కూడా వచ్చి సోఫా చివర కూర్చుంది.

కథ మీకు తెలిసే ఉంటుంది. ఆరెండెల్ రాజ్యంలో ఎల్సా, అన్నా అక్కాచెల్లెళ్లు. ఎల్సా చేతుల్లో మంచు పుట్టించే శక్తి ఉంది. ఆటలో పొరపాటున అది చెల్లి తలకి తగులుతుంది. చెల్లి బతుకుతుంది కానీ, అక్క శక్తి సంగతి ఆమె జ్ఞాపకాల్లోంచి చెరిపేస్తారు. అప్పట్నుంచి ఎల్సా గది తలుపు మూతపడుతుంది. ఎందుకు మూసిందో అన్నాకి తెలీదు. పెద్దవుతూ మళ్లీ మళ్లీ వచ్చి తలుపు కొడుతుంది, మంచుబొమ్మ చేద్దాం రమ్మని పాడుతుంది. అమ్మానాన్న సముద్రంలో పోయిన తర్వాత వచ్చి కొట్టినప్పుడు లోపల్నుంచి జవాబే రాదు. అన్నా ఆ తలుపుకి ఆనుకుని కూలబడుతుంది. అప్పుడు మనకి అవతలివైపు చూపిస్తారు. ఎల్సా కూడా అదే తలుపుకి ఆనుకుని కూర్చుని ఉంటుంది. గదంతా మంచు.

అక్కడ నేను పక్కకి చూశా. అక్క కళ్లు తుడుచుకుంటోంది.

ఆ రాత్రి చిన్నది పడుకున్నాక అడిగేశా. ‘‘అప్పుడు తలుపు ఎందుకు తీయలేదు?’’ కాసేపు ఊరుకుని, ‘‘నువ్వు గేమ్ అన్నప్పుడల్లా తీద్దామనే అనిపించేది. తీస్తే ఏడుస్తానని భయం. నువ్వు నన్ను చూసి చదువుకునేదానివి కదే, నీకు ఆ మొహం ఎలా చూపించను?’’ అంది. అయిదేళ్లుగా నేను పొగరు అనుకున్నది అదన్నమాట.

ఈ సినిమా అనగానే అందరికీ ‘లెట్ ఇట్ గో’ పాట గుర్తొస్తుంది. న్యాయమే. 2014లో దానికి ఆస్కార్ కూడా వచ్చింది. మొదట్లో ఎల్సాని విలన్‌గా అనుకున్నారట. క్రిస్టెన్ ఆండర్సన్-లోపెజ్, రాబర్ట్ లోపెజ్ అనే భార్యాభర్తలు ఈ పాట కట్టాక ఆ పాత్రనే మార్చేశారు. వినగానే మనకీ రెక్కలొచ్చినట్టు ఉంటుంది. కానీ ఒక్కసారి గమనించండి. ఆ పాట చివర్లో ఎల్సా చేసే పని ఏంటి? మంచుకోట కట్టుకుని మళ్లీ తలుపు మూసేసుకోవడమే! ఆమె అక్కడ స్వేచ్ఛగా పాడుకుంటుంటే కింద రాజ్యం మొత్తం గడ్డకట్టిపోయి ఉంటుంది. ఆ సంగతి ఆమెకి తెలీదు కూడా. వెళ్లి చెప్పేది ఎవరు? మళ్లీ చెల్లే.

నాకు అన్నిటికన్నా నచ్చేది క్లైమాక్స్. గుండెకి మంచు తగిలిన అన్నా బతకాలంటే నిజమైన ప్రేమతో ఒక పని జరగాలి. ఇంకేముంది, రాకుమారుడొచ్చి ముద్దుపెడతాడు అనుకుంటాం. ఆ రాకుమారుడు హాన్స్ మోసగాడు. నిజంగా ప్రేమించే క్రిస్టాఫ్ అటువైపు నుంచి పరిగెత్తుకొస్తుంటాడు. ఇటువైపు హాన్స్ ఎల్సా మీద కత్తి ఎత్తుతాడు. అన్నా తన ప్రాణం సంగతి వదిలేసి అక్కకి అడ్డంగా నిలబడుతుంది. ఆ పని చేసింది తనే, దాంతో బతికిందీ తనే. హాన్స్ క్రిస్టియన్ ఆండర్సన్ 1844లో రాసిన ‘మంచురాణి’ కథలో ఈ అక్కాచెల్లెళ్లు లేరు. అక్కడ ఒక పాప తన స్నేహితుణ్ని వెతుక్కుంటూ వెళ్తుంది. సినిమావాళ్లు దాన్ని అక్కాచెల్లెళ్ల కథ చేసి మంచిపని చేశారు.

ఇప్పుడు ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే... పోయిన నెల మా ఆఫీసులో కొంతమందిని తీసేశారు. అందులో నేనూ ఉన్నా. ఇంట్లో చెప్పలేదు. అక్క మెసేజ్‌లు నోటిఫికేషన్‌లోనే చదివేసి వదిలేస్తున్నా, బ్లూటిక్ పడకుండా. ఫోన్ చేస్తే ‘మీటింగ్‌లో ఉన్నా’. ఈసారి తలుపు మూసింది నేను. అది చెక్కతలుపు కాదు, అంతే తేడా.

మొన్న ఆదివారం అక్క నుంచి ఒక ఫొటో వచ్చింది. అటక మీంచి దించిన మా పాత క్యారమ్ బోర్డు. కింద ‘ఒక్క గేమ్?’ అని.

గంటసేపు ఆ ఫొటోనే చూస్తూ కూర్చున్నా. తర్వాత ఫోన్ చేసి మొత్తం చెప్పేశా. ఏడ్చా కూడా. అక్క సలహాలేమీ ఇవ్వలేదు. ‘‘శనివారం ఇంటికి రా, నేనూ వస్తున్నా’’ అంది.

మీరూ ఎవరి తలుపో కొట్టి కొట్టి విసిగిపోయి ఉంటే, ఇంకొక్కసారి కొట్టండి. మీరు లోపల ఉంటే... తీసి చూడండి.

నాకు ఉద్యోగం ఇంకా దొరకలేదు. శనివారానికి బస్ టికెట్ మాత్రం బుక్ చేశా.