రోడ్డు ఇచ్చే ముందు ఇసుక ఇవ్వండి

మన ఇళ్లల్లోకి బైకు వచ్చే దారులు రెండు. ఒకటి, జెద్దాలోనో దుబాయిలోనో ఉన్న అబ్బా, ఇంటర్ పాసైన కొడుకు మీద ప్యార్‌తో పైసలు పంపితే వచ్చేది. రెండోది, అమ్మీ "నక్కో బేటా" అని ఎంత మొత్తుకున్నా ఫైనాన్స్ మీద వచ్చేది. ఏ దారిన వచ్చినా, దాన్ని నడపడం పిల్లాడికి ఎవరు నేర్పుతారన్న సవాల్ మాత్రం ఏ ఇంట్లోనూ లేవదు. దోస్తు నేర్పుతాడు. గల్లీలో రెండు చక్కర్లు, లైసెన్సు కోసం గ్రౌండులో ఒక ఎనిమిది అంకె, అయిపోయింది. ఆ తర్వాత వాడికి ఉస్తాద్ రోడ్డే. ఆ ఉస్తాద్ మొదటి సబక్‌కే జాన్ అడుగుతాడు.

2022లో దేశం మొత్తంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది పోయారని కేంద్ర రవాణా శాఖ లెక్క. వాళ్లలో నూటికి 44 మందికి పైగా టూవీలర్ల మీద ఉన్నవాళ్లు. హెల్మెట్ పెట్టుకోకుండా పోయినవాళ్లే యాభై వేల మంది. షబే బరాత్ వస్తోందంటే ఫ్లైఓవర్లు మూసేస్తున్నామని పోలీసులు ప్రకటన ఇస్తారు. ఇబాదత్ రాత్రికి ముందు జంటనగరాల్లో వంతెనలకు తాళాలు పడటం మనకు ఎంత అలవాటైపోయిందంటే, అది చదివి సిగ్గుపడటం కూడా మానేశాం. మసీదులో మౌలానా సాబ్ బయాన్‌లో తిడతారు, అబ్బా ఫోన్లో తిడతాడు, అమ్మీ తాళం చెవి దాస్తుంది. పిల్లాడు దోస్తు బండి తీసుకుని పోతాడు.

నేననేది వేరే. పిల్లలకు రోడ్డు ఇచ్చే ముందు మట్టి ఇవ్వండి. వీలైతే ఇసుక ఇవ్వండి. పడటం అంటే ఏమిటో ఇరవై కిలోమీటర్ల స్పీడులో, ఎదురుగా లారీ లేని చోట, వాళ్ల ఒంటికి తెలియనివ్వండి. ఈ మాట పుస్తకం చదివి చెప్పడం లేదు. పోయిన చలికాలం నా భాంజాతో కలిసి సికింద్రాబాద్ నుంచి జైసల్మేర్ వెళ్లి, నలభై దాటిన వయసులో మొదటిసారి రోడ్డు దిగి ఇసుకలో బండి నడిపి చెబుతున్నాను.

ఈ సఫర్ సంగతి ఇంట్లో చెప్పినప్పుడు అందరికంటే ఎక్కువ నవ్వింది మా చాచా. ఇరవై రెండేళ్లు దమ్మామ్ వైపు పైప్‌లైన్ పనిలో ఉండి వచ్చిన మనిషి. "క్యా రే, రేగిస్తాన్ దేఖ్‌నే కూ పైసే దేకే జాతే?" అన్నాడు. ఆ ప్రశ్నలో నవ్వు ఎంత ఉందో నొప్పి అంత ఉంది. మన ఖాన్‌దాన్‌లలో ఎడారి అంటే సీనరీ కాదు. ఎడారి అంటే ఎయిర్‌పోర్టులో ఏడుపు, రెండేళ్లకోసారి వచ్చే మనిషి, ఆయన వచ్చినప్పుడు కార్టన్ నిండా సబ్బులు, టాంగ్ డబ్బాలు. మన పెద్దవాళ్లు రేగిస్తాన్‌ను కంపెనీ బస్సు కిటికీలోంచి చూశారు. అదే ఇసుక మీద, దుబాయి నుంచి హత్తా వెళ్లే దారిలో, శుక్రవారం వస్తే షేకుల పిల్లలు బండ్లు ఎగరేస్తుంటారు. చూడటానికి పోవడానికీ బతకడానికి పోవడానికీ ఉన్న తేడా చాచాకు చెప్పే హైసియత్ నాకు లేదు. కానీ అప్పుడే ఆయనొక మాట చెప్పాడు: "ఇసుకలో దిగే ముందు టైర్లలో గాలి తీయాలె. మా కంపెనీ డ్రైవర్లు సడక్ దిగంగనే మొదలు అదే చేసేటోళ్లు." ఆ మాటకు వెల ఎంతో తర్వాత తెలిసింది.

షోలాపూర్, నాసిక్, అహ్మదాబాద్, బాడ్‌మేర్ మీదుగా దాదాపు 1,700 కిలోమీటర్లు. ఐదు రోజులు పట్టింది. తొందరపడితే తక్కువలో పోవచ్చు, కానీ మగ్రిబ్ తర్వాత బండి నడపకూడదన్నది ఆపా పెట్టిన షరతు. ఆపా అంటే భాంజా అమ్మీ. ఆమె గల్లీలోనే ఇరవై ఏళ్లు నిండని ఒక పిల్లాడి జనాజా లేచింది, అది బైకు వల్లే. ఆ తర్వాత ఆమె తన కొడుకును బండి ముట్టనివ్వలేదు. మామూ వెంట ఉంటాడు, రాత్రి నడపరు, రోజూ మూడుసార్లు ఫోన్ చేస్తారు అన్న మూడు షరతుల మీద ఇజాజత్ ఇచ్చింది.

జైసల్మేర్ నుంచి తనోట్ దాకా 120 కిలోమీటర్ల రోడ్డు గురించి ఏం చెప్పను! తాడు లాగి కట్టినట్టు నిటారుగా పోతుంది. నేల అలల్లా లేచి దిగుతుంటుంది కాబట్టి రోడ్డు ఒక చోట మాయమై, రెండు కిలోమీటర్ల అవతల మళ్లీ కనిపిస్తుంది. రెండు వైపులా గాలిమరలు, పొట్టి జమ్మి చెట్లు. మన దసరా జమ్మినే అక్కడ ఖేజ్‌డీ అంటారు. దాని కాయలు సంగ్రీ పేరుతో సాలన్ అయి కంచంలోకి వస్తాయి. ఒంటె రోడ్డు మధ్యలో నిలబడి మనల్ని చూస్తుంది, హారన్ కొట్టినా దానికి పర్వా లేదు. ఇంకాస్త ముందుకు పోతే 1971 డిసెంబరులో యుద్ధం జరిగిన లోంగేవాలా. సాయంత్రం సమ్ దగ్గర ఇసుక దిబ్బల రంగు నిమిషానికోసారి మారుతుంది: పచ్చిపసుపు, ఇటుక, తర్వాత రాఖ్. రాత్రి మాంగణియార్లు పాడారు. వాళ్లు ముసల్మాన్లు, వాళ్ల జజ్మాన్లు ఎక్కువగా రాజ్‌పుత్ హిందువులు, తరతరాలుగా ఆ ఇళ్ల పెళ్లిళ్లకూ పుట్టుకలకూ పాడేది వీళ్లే. ఈ రోజుల్లో ఇలాంటి సంగతి ఒకటి చూసొస్తే పది రోజులు గుండె హల్కాగా ఉంటుంది. సరే, అది వేరే బాత్.

మర్నాడు పొద్దున ఇసుక. అక్కడి ఒక కుర్రాడు నేర్పడానికి వచ్చాడు. బండి ఎక్కకముందే రెండు టైర్లలో గాలి తీసేశాడు, ఇంచుమించు సగానికి తెచ్చాడు. గాలి తగ్గితే టైరు కింద పరుచుకుంటుంది, బరువు ఎక్కువ జాగా మీద పడుతుంది, బండి మునగదు. చాచా చెప్పింది అక్షరం పొల్లుపోలేదు. తేడా ఒక్కటే: ఈ కుర్రాడికి మేం ఫీజు ఇచ్చాం, చాచాకు ఈ ఇల్మ్‌కు ఎవరూ ఒక్క రియాల్ కూడా ఎక్కువ ఇవ్వలేదు.

తర్వాత వాడు చెప్పినవన్నీ మన ఒళ్లు చేయాలనుకునే దానికి ఉల్టా. సీటు మీద కూర్చోకు, ఫుట్‌రెస్టుల మీద నిలబడు. హ్యాండిల్ గట్టిగా పట్టుకోకు, పిట్టను పట్టుకున్నట్టు పట్టుకో. ముందు చక్రం అటూ ఇటూ ఊగుతుంది, ఊగనీ. ముందు బ్రేక్ మర్చిపో. ముఖ్యంగా, భయం వేసిన క్షణంలో యాక్సిలరేటర్ వదలకు. వదిలావంటే బరువంతా ముందుకు వచ్చి ముందు చక్రం ఇసుకలో దిగబడుతుంది, నువ్వు దాని మీదుగా పోతావు. చక్రం ముందు నేలను చూడకు, ఎక్కడికి పోవాలో అక్కడ చూడు. కళ్లు ఎటు పోతే బండి అటే.

మా భాంజా ఊళ్లో దోస్తుల బండ్ల మీద ముందు చక్రం లేపి చూపించిన షేర్ అని నాకు ఆ రోజే తెలిసింది. వాడే నవ్వుతూ చెప్పాడు. ఆ షేర్ అరగంటలో ఏడుసార్లు పడ్డాడు. నేను నాలుగుసార్లు. నాది తక్కువ కావడానికి కారణం హునర్ కాదు, నా స్పీడు. పడ్డ ప్రతిసారీ ఇసుక దూదిలా పట్టుకుంది. కాలికి పొడుగు బూటు, మోకాలికి గార్డు, ఛాతీకి జాకెట్ ఉన్నాయి కాబట్టి దెబ్బ తగిలింది గురూర్‌కే. అసలు కష్టం లేపడంలో ఉంది. నేను తీసుకెళ్లిన హిమాలయన్ దాదాపు 200 కిలోలు. మెత్తటి ఇసుకలో దాన్ని ఒక్కసారి లేపితే చెమట కారుతుంది, రెండోసారికి ఊపిరి ఆడదు, మూడోసారికి మనిషికి తెలివి వస్తుంది. వెనక చక్రం పాతుకుపోతే యాక్సిలరేటర్ ఇచ్చిన కొద్దీ గొయ్యి తవ్వుకుంటుందే తప్ప బయటికి రాదు. దిగాలి, బండిని పక్కకు పడుకోబెట్టాలి, గుంటను చేతులతో పూడ్చాలి, మళ్లీ లేపాలి, పక్కన నడుస్తూ బయటికి తీయాలి. జోర్ చూపించే పిల్లాడికి ఇంతకంటే సబర్ నేర్పే మదర్సా నాకు తెలియదు.

ఊరికి తిరిగి వచ్చాక తేడా కళ్లారా చూశాను. రోడ్డు మలుపులో లారీ నుంచి జారిన కంకర ఉంది. ఇంతకుముందైతే వాడు దాని మీదే ముందు బ్రేక్ నొక్కేవాడు. ఇప్పుడు ముందే స్పీడు తగ్గించాడు, కంకర మీద బండిని నిటారుగా పోనిచ్చాడు, దాటాక తిప్పాడు. మన సికింద్రాబాద్‌లో వానకాలంలో నీళ్ల కింద గుంట ఎక్కడుందో తెలియని రోడ్ల మీద ఇదే కావాలి. స్టంట్ కాదు, టైరు కింద నేల జారుతుంటే గాభరా పడని ఒళ్లు. ఒక్కసారి నిజంగా పడినవాడికి హెల్మెట్ బకిల్ పెట్టుకో అని ఎవరూ చెప్పనక్కరలేదు.

ఇక్కడ ఒక ఏతరాజ్ వస్తుందని తెలుసు. "ఎడారి రైడింగ్ అంటే ఇంకా ఖతర్నాక్ కదా, టీవీలో చూస్తున్నాం కదా" అంటారు. నిజమే. డాకర్ ర్యాలీ 2020 నుంచి సౌదీలో జరుగుతోంది. ఆ మొదటి ఏడాదే మన దేశపు హీరో టీమ్ తరఫున నడిపిన పోర్చుగల్ రైడర్ పాలో గొన్‌సాల్వెస్ అక్కడే చనిపోయాడు. 2021 జనవరిలో బెంగళూరు సి.ఎస్. సంతోష్ పడి తలకు దెబ్బ తగిలి కోమాలోకి వెళ్లాడు, అల్లా కరమ్ వల్ల బతికి వచ్చాడు. 2024లో కేరళ కుర్రాడు హరిత్ నోవా అదే ర్యాలీలో ర్యాలీ-2 క్లాసు గెలిచాడు. కానీ అది పహిల్వాన్ల కుస్తీ. గంటకు వంద దాటిన వేగంలో, దిబ్బ అవతల ఏముందో తెలియకుండా ఎగరడం అది. నేను చెప్పేది అఖాడాలో మట్టి పూసుకోవడం గురించి. మొదటి గేరు, రెండో గేరు, పక్కన నేర్పేవాడు, ఒంటి మీద కవచం. ఈ రెండింటినీ ఒకటే అనుకుని రెండింటినీ హరామ్ చేస్తే, పిల్లాడికి మిగిలేది అర్ధరాత్రి రోడ్డే.

ఇంకో ఏతరాజ్ నాదే. దిబ్బలు కనిపించాయి కదా అని ఎక్కడ పడితే అక్కడ బండ్లు తోలడం కూడా జుల్మే. సమ్, ఖూరీ చుట్టుపక్కల మూడు వేల చదరపు కిలోమీటర్లకు పైగా ఎడారి జాతీయ పార్కు ఉంది. బట్టమేక పిట్టకు మిగిలిన ఆఖరి ఆసరాల్లో అదొకటి. దేశంలో ఆ పిట్టలు 150 కూడా లేవంటారు. మన కర్నూలు వైపు రోళ్లపాడులో దాని కోసమే అభయారణ్యం పెట్టినా పిట్ట నిలవలేదు. అది నేల మీదే గుడ్డు పెడుతుంది, అదీ చాలాసార్లు ఒక్కటే. కాబట్టి అక్కడివాళ్లు పొమ్మన్న దిబ్బ మీదికే పోవాలి, పైరు లేని చోటే దిగాలి.

మరి అందరూ జైసల్మేర్ పోవాలా? అక్కరలేదు. ఎండిన చెరువు, ఊరి బయట ఎర్రమట్టి బాట, ఎవరి పొలమో అయితే వాళ్ల ఇజాజత్, ఇవి చాలు. లేనిది జాగా కాదు, నేర్పేవాళ్లు. మన మసీదు కమిటీలు, మొహల్లా తంజీములు రక్తదాన శిబిరాలు పెడతాయి, ఖుర్బానీ తోళ్ల లెక్కలు రాస్తాయి. షబే బరాత్‌కు నెల ముందు నాలుగు ఆదివారాలు పద్దెనిమిది నిండిన పిల్లలను ఒక మైదానానికి తీసుకుపోయి, తెలిసిన రైడర్‌ను పిలిచి నేర్పించలేవా? సైలెన్సర్ మార్చి మొహల్లా నిద్ర చెడగొట్టడానికి పెట్టే పైసలతో మంచి హెల్మెట్, మోకాలి గార్డులు వస్తాయి. పద్దెనిమిది నిండనివాళ్ల సంగతి వేరు. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం, మైనర్ బండి నడిపి నేరం జరిగితే తల్లిదండ్రులకో బండి యజమానికో మూడేళ్ల దాకా జైలు, 25,000 జుర్మానా. బండి రిజిస్ట్రేషన్ ఏడాది పాటు రద్దు, పిల్లాడికి పాతికేళ్లు వచ్చేదాకా లైసెన్సు లేదు. పైసలు పంపే అబ్బాలు ఈ లెక్క కూడా చూసుకోవాలి.

ఆడపిల్లల మాట ఎత్తకుండా ఇది ముగించను. 2018లో హైదరాబాద్ నుంచి జయభారతి మరో ముగ్గురు ఆడవాళ్లతో మోటార్‌సైకిళ్ల మీద మయన్మార్, థాయిలాండ్ దాటి వియత్నాం దాకా వెళ్లి, దాదాపు 17,000 కిలోమీటర్లు తిరిగి వచ్చింది. తర్వాత మోవో అనే సంస్థ పెట్టి మన ఊళ్లో ఆడవాళ్లకు బండి నేర్పిస్తోంది. మన ఇళ్లల్లో కూతురికి స్కూటీ కాలేజీకి పోవడానికి కొనిస్తారు, అదీ తమ్ముడు నేర్పితేనే. ఆ తమ్ముడికి ఎవరు నేర్పారని మళ్లీ అడగాల్సి వస్తుంది. తల్లి, చెల్లి వెనక కూర్చునే బండి నడిపేవాడిది ఎంత జిమ్మేదారియో, ఆమే నడిపితే ఆమెకు అందే తాలీమ్ అంత పక్కాగా ఉండాలి. బుర్ఖా కొంగు వెనక చక్రంలో చుట్టుకోకుండా ఎలా కట్టుకోవాలో మన ఆడపిల్లలకు చెప్పేవాళ్లెందరు? దుపట్టా, బుర్ఖా చక్రంలో పడి జరిగే ప్రమాదాలు వార్తగా రాసి రాసి నా చేతులు అలసిపోయాయి.

భాంజా ఇప్పుడు ఆదివారాలు గల్లీ పిల్లలు నలుగురిని షామీర్‌పేట వైపు ఒక మట్టి బాటకు తీసుకుపోతున్నాడు. ఆపా ఇంకా పూర్తిగా రాజీ కాలేదు. రోజుకు మూడు ఫోన్ల షరతు అలాగే ఉంది. పోయిన వారం మాత్రం, వాడి చెల్లెలి చేతికి సరిపోయే గ్లౌజులు రాణీగంజ్‌లో దొరుకుతాయా అని నన్ను అడిగింది. దొరుకుతాయి, చిన్న సైజు అని గట్టిగా అడగాలి, లేకపోతే మగపిల్లలవే అంటగడతారు.